శకుంతలమ్మగారు తెప్పించిన ఓటు కేంద్రం

మొన్న ఓటు వేసి వచ్చి కళ్ళజోడు తుడుచుకుంటుంటే, ఎడమచేతి వేలికి పెట్టిన సిరా వాసన గుప్పుమంది. "చెయ్యి కడుక్కోరాదా అత్తమ్మా" అంది కోడలు. ఎంత కడిగితే పోతుంది నా తల్లీ! ఆ వాసనకు నాకు శకుంతలమ్మగారు గుర్తొచ్చారు.

బోథ్ దగ్గరి ఊళ్ళో నాకు మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు ఆమె మా బడికి పెద్ద టీచరు. చొప్పదండి మనిషి. ఆమె నవ్వితే పక్క గదిలో పిల్లలకూ నవ్వొచ్చేది. నాకేమో నలుగురిలో నోరు పెగిలేది కాదు.

ఆ ఏడు ఓటర్ల పేర్లు రాసే పని మా ఇద్దరికీ పడింది. మా ఊరికీ వాగవతలి పల్లెకూ కలిపి ఒకటే ఓటు కేంద్రం. అంతకుముందు ఎన్నికల్లో పల్లె ఆడవాళ్ళు చంటిపిల్లలతో నడిచొచ్చి, పొద్దుగూకేదాకా వరుసలో నిలబడి, పిల్లల ఏడుపు పడలేక ఓటు వేయకుండానే తిరిగిపోయారు. ఒక్కో కేంద్రానికి ఇంతమంది ఓటర్లని సర్కారు హద్దు పెట్టింది. దాటితే రెండోది ఇవ్వాలి. అది అడగబోతే, "మీ దగ్గర హద్దు దాటలేదమ్మా" అని తాలూకా ఆఫీసు గుమాస్తా చేతులు దులుపుకున్నాడు.

"ఎట్ల దాటుతది? సగం మంది ఆడోళ్ళ పేర్లే ఎక్కకపాయె!" అన్నారు శకుంతలమ్మగారు బయటికొచ్చి. "నువ్వేం ఫికర్ చెయ్యకు, నడువు."

ఎక్కకపోవడానికి కారణముంది. పేరు పక్కన భర్త పేరు రాయాలి. పెళ్ళాం మొగుని పేరు నోటితో అనకూడదాయె! మగవాళ్ళు పగలంతా చేలల్లో ఉంటారు. మాకంటే ముందు పేర్లు రాయడానికొచ్చినవాళ్ళు విసిగి వదిలేశారు. శకుంతలమ్మగారు పల్లెలో ఆడవాళ్ళందరినీ ఒక అరుగు మీద కూర్చోబెట్టి, ఎవరి పెనిమిటి పేరు వాళ్ళ పక్కామె చెప్పాలన్నారు. ఇక చూడాలి సందడి! గంగవ్వ దగ్గర మాత్రం బండి ఆగింది. పక్కనున్న లచ్చవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల అడ్డంగా ఊపింది.

"నీకెరుక లేదా?"

"ఎరుకనే టీచరమ్మా. మా ఆయనదీ గదే పేరు!"

అరుగంతా గొల్లుమంది. మూడో ఆమె ఇద్దరి తరఫునా "పోశెట్టి, పోశెట్టి!" అని అరిచింది. నవ్వి నవ్వి నా బిడియం ఎటు పోయిందో, పక్క వాడకట్టు ఆడవాళ్ళను నేనే కేకేసి పిలిచాను.

హద్దు దాటింది. గుమాస్తా ఈసారి జాబితా తీసుకుని పైకి పంపాడు. పల్లెకు సొంత కేంద్రం వచ్చింది.

ఓట్లనాడు మేమిద్దరం చూడబోయాం. వరుస చకచకా కదులుతోంది. నా సంతోషం చెప్పలేను. లచ్చవ్వ అత్త, పండు ముసలమ్మ, ఓటేసి బయటికొచ్చి మళ్ళీ వరుస చివర నిలబడింది.

"ఏసినవ్ గద అవ్వా, మల్లెందుకు?" అన్నాను.

"గిది ఈసారిది బిడ్డా. పోయినసారిది ఎయ్యనేలే గద!"

నేను పకపకా నవ్వాను. శకుంతలమ్మగారు నవ్వలేదు. ముసలమ్మ చెయ్యి పట్టుకున్నారు. "గది మల్ల ఇయ్యరవ్వా. తప్పు నీది కాదు, మాది. జర మాఫ్ చెయ్యి."

తర్వాత నేనూ పెద్ద టీచరునయ్యాను. నా గది ముందు పిల్లల తల్లిదండ్రుల వరుస కనబడితే ఇప్పటికీ కుర్చీలో కూర్చోలేను. లేచి, ముందు చివరివాళ్ళ దగ్గరికే పోతాను.