అత్త గడప ముందు ఏ పాట

ఎండనూ చలినీ చేసి, రెండింటిలోనూ మన రొమ్ములో ఊపిరి నిలిపిన తండ్రికి స్తోత్రం. పాడే గొంతునూ పాడలేని గొంతునూ ఒక్కలాగే వినే ప్రభువుకు మహిమ.

మా సంఘంలోని పిల్లలు ప్రతి డిసెంబరులో నా దగ్గరికి వస్తారు. "అమ్మమ్మా, ఈసారి చలిలో పాడేటందుకు కొత్త పాటలు జెర చెప్పు" అంటారు. చెబుతాను. ఏ పాట పొగమంచులో గొంతు పట్టేయకుండా సాగుతుందో, దేన్ని పై స్థాయిలో ఎత్తుకుంటే రెండో ఇంటికే బొంగురుపోతామో నాకు తెలుసు. ఏ ఇంటి ముందు ఏ పాట పాడాలన్నది మాత్రం వేరే సంగతి. అది నాకు పోలీస్ యాక్షన్ జరిగిన ఏటి చలికాలంలో తెలిసింది.

అప్పుడు రెజిమెంటల్ బజార్ వెనక సందులో ఉండేవాళ్ళం. నాకు పెళ్ళి కాలేదు. పాటల బృందంలో పాడేదాన్ని. నాన్న రైల్వే ఆఫీసులో గుమాస్తా, ఆదివారాలు చర్చిలో హార్మోనియం వాయించేవారు. కొత్త పాటలు ఎంచి నేర్పేదీ ఆయనే. ఆయన చెల్లెలు, మా అత్త, అదే సందు చివర ఉండేది. చర్చిలో ఆమె కూడా పాడేది. మామయ్య బీదరు వైపు ఒక ఊళ్ళో పంతులు. వానాకాలంలో బడి తెరిచారని వెళ్ళాడు.

సెప్టెంబరులో సైన్యం వచ్చింది. రజాకార్ల పీడ వదిలిందని ఒక వీధిలో మిఠాయి పంచుకుంటే, పక్క వీధిలో తలుపులు వేసుకుని వణికారు. ఆ తర్వాత బీదరు వైపు ఊళ్ళలో జరిగిన చంపుళ్ళ గురించి పెద్దవాళ్ళు మా ముందు మాట్లాడేవారు కాదు. మామయ్య రాలేదు. నాన్న రెండుసార్లు వెళ్ళి వెతికారు. జహీరాబాదు దారిలో మామయ్య నడిచిపోతుంటే చూశానని ఎవరో అన్నారట. నాన్న వచ్చి చెప్పింది అదొక్కటే. అత్త ఆ మాటను పట్టుకుని బతికింది. రోజూ రెండు కంచాలు కడిగి పెట్టేది.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. క్రిస్మస్ పండుగ ముందు తెల్లవారుజామున ఇంటింటికీ తిరిగి పాడతాం. ఆ ఏడు చావు జరిగిన ఇంటి ముందు కంజిర, తాళాలు ఆపేస్తాం. పండుగ పాట వదిలేసి ఆదరణ పాట నెమ్మదిగా పాడి, ప్రార్థన చేసి కదులుతాం. ఇక అత్త ఇంటి ముందు ఏం పాడాలి? పండుగ పాట పాడితే ఆమె బాధను తొక్కినట్టు. ఆదరణ పాట పాడితే ఆమె భర్త చనిపోయాడని మేమే తేల్చినట్టు.

మా ఇంట్లో పాటలు నేర్చుకుంటున్న సాయంత్రం ఆ మాట వచ్చింది.

"ఆదరణ పాటనే పాడాలె. ఇంకేం ఆశ?" అన్నాడు సంఘపెద్ద.

"నోరెట్లొచ్చింది పెద్దయ్యా? మనిషి రేపొచ్చి నిలబడితే?" అంది మా పక్కింటామె.

"నిలబడితే నేనే కంజిర కొట్టుకుంట ఎదురు పోత."

నాన్న బందరు చుట్టం ఒకాయన నేర్పిన కొత్త పాట వినిపించారు. గొల్లవాళ్ళు మంచులో మందను కాస్తూ తెల్లారడం కోసం చూసే పాట. "ఇది పాడుదాం. ఇండ్ల చావు లేదు, పుట్టుక లేదు. చలి ఉన్నది, ఎదురుచూపు ఉన్నది" అన్నారు.

"పుట్టుక లేని క్రిస్మస్ పాటనా! చర్చి అయ్యగారు వింటే మన తోలు తీస్తడు" అన్నాడు సంఘపెద్ద. అందరం నవ్వాం. ఆ నెలలో మా ఇంట్లో నవ్వింది అప్పుడే. పాట నేర్చుకున్నాం.

బయలుదేరిన రోజు మంచు ఎంత దట్టంగా ఉందంటే ముందున్నవాళ్ళ శాలువాలు తప్ప ఏమీ కనబడలేదు. అత్త పక్కింటిదాకా కంజిర మోగుతూనే ఉంది. అక్కడ టీ తాగి నాలుగడుగులు వేశాం. అత్త గడప దగ్గరికి రాగానే కంజిర ఆగింది. ఆపమని ఎవరూ చెప్పలేదు. ఏళ్ళ తరబడి అలవాటైన చెయ్యి దానంతటదే ఆగిపోయింది.

మేము పాట ఎత్తుకోకముందే తలుపు తెరుచుకుంది.

"కంజిర ఎందుకు ఆపిండ్రు?" అంది అత్త.

"ఇది కొత్త పాట చెల్లె. దీనికి కంజిర ఉండది" అన్నారు నాన్న.

"పక్కింటిదాంక కొట్టిండ్రు. నా గడపకాడనే ఆగింది. అన్నా, నువ్వు రెండుసార్లు పోయొచ్చినవ్. నాకు చెప్పంది ఏమన్న ఉన్నదా?"

నాన్న మెడలో పట్టీకి హార్మోనియం వేలాడుతోంది. దాన్ని రెండు చేతులతో పట్టుకున్నారు.

"ఉన్నది" అన్నారు. "ఊరవతల సచ్చినోళ్ళను ఏసిన బావి చూపిచ్చిండ్రు. ఆయన సుత అండ్లనే ఉన్నడన్నరు. నేను కండ్ల చూడలే చెల్లె. అప్పటికే పూడ్చేసిండ్రు."

"మరి జహీరాబాదు దారిల చూసిందెవరు?"

"ఎవరూ చూడలే. నేనే అన్న."

అత్త గడప మీద కూర్చుని చెంగు తల మీదికి లాక్కుంది. "గట్లయితే ఆ పాటనే పాడుండ్రి" అంది.

సంఘపెద్ద ఆదరణ పాట అందుకున్నాడు. నాన్న వేళ్ళు హార్మోనియం మెట్ల మీద కదలలేదు, వాయిద్యం లేకుండానే పాడాం. రెండో చరణంలో అత్త లేచి లోపలికి వెళ్ళి తలుపు మూసుకుంది. మూసిన తలుపుకే చివరిదాకా పాడాం. ఆ కొత్త పాట ఆ ఏడు ఎక్కడా పాడలేదు.

ఆ తర్వాత ప్రతి ఈస్టరు ఉదయం అందరూ సమాధులకు సున్నం వేసి కొవ్వొత్తులు పెడుతుంటే అత్త సమాధుల తోట గేటు దగ్గరే నిలబడేది. లోపల ఆమెకు సున్నం వేయడానికి ఏమీ లేదు. నాన్నతో మళ్ళీ మాట్లాడింది, కానీ ఆయన చెప్పిన ఏ కబురూ నమ్మలేదు. పాడటం మానేసింది.

చనిపోయినవారు ప్రభువు చేతిలో ఉన్నారు, వారి కోసం మనం అడగనక్కరలేదు. ఇది చదువుతున్న మీరు ఒక్క నిమిషం నాతో తల వంచండి. మనిషి ఉన్నాడో లేడో తెలియక ఈ చలిలో తలుపు దగ్గర కూర్చున్నవారి కోసం, వారికి నిజం చెప్పాల్సినవారి నోటి కోసం కలిసి వేడుకుందాం. తండ్రీ, వారికి నిజమూ ఇవ్వు, దాన్ని మోసే బలమూ ఇవ్వు. ఆమేన్.