లైన్ క్లియర్ ఇచ్చిన గొంతు

ఇంజినీరింగ్ పూర్తయిన ఏడాది ఎండాకాలంలో, నేను చేరిన కంపెనీ నన్ను సికింద్రాబాద్‌లోని ఒక సబ్‌స్టేషన్‌కు పంపింది. హోదా జూనియర్ ఇంజినీర్, అదీ కాంట్రాక్టు మీద. సీతాఫల్‌మండి, బోయిగూడ లైన్ల మీద ఒక కొత్త పద్ధతిని పరీక్షిస్తున్నారు. ప్రతి ట్రాన్స్‌ఫార్మర్‌కూ ఒక చిన్న ప్రోగ్రామ్ ఉండేది, ఏజెంట్ అనేవాళ్లం. పైనుంచి ఆజ్ఞలిచ్చే వారెవరూ లేరు. లోడు పెరిగిన ఏజెంట్ పక్కదాన్ని అడిగేది, అది వీలును బట్టి కరెంటు సర్దేది. ఆ సంభాషణను తెర మీద చదవడం నా పని. మనుషులతో మాట్లాడడానికి జంకే నాకు అది చాలా నచ్చింది.

ఆపరేటర్ సత్తెన్నకు ఏం చెప్పాలన్నా చీటీ రాసి ఇచ్చేదాన్ని. "నోట్ల ముత్యాలున్నయా ఏందమ్మా, రాలిపోతయని భయమా?" అని నవ్వేవాడు.

ఒక మధ్యాహ్నం గాలికి బోయిగూడలో కొమ్మ విరిగి తీగల మీద పడింది. లైన్‌మన్ మల్లేశం ఫోన్ చేసి లైన్ క్లియర్ అడిగాడు. అంటే, స్తంభం ఎక్కుతున్నాను, సరఫరా ఆపండి, నేను దిగి చెప్పేదాకా తిరిగి ఇవ్వకండి అని. తీసుకున్న మనిషే దాన్ని వాపసు ఇవ్వాలి. సత్తెన్న లైన్ ఆపి, "ఇచ్చిన, ఎక్కు" అన్నాడు.

ఇదంతా నోటిమాట. ఏజెంట్లకు తెలియదు. బోయిగూడ ఏజెంట్ తనకు కరెంటు లేదంది. సీతాఫల్‌మండిది తాను ఇస్తానంది. రెండు లైన్లనూ కలిపే స్విచ్ దానంతటదే పడబోతోంది, పడితే మల్లేశం ఎక్కిన లైన్లోకి కరెంటు వస్తుంది. దాన్ని ఆపే అధికారం ఆపరేటర్‌దే. నా చేతిలో కలం ఉంది, రాసే వ్యవధి లేదు.

"సత్తెన్నా, స్విచ్ లాక్ చెయ్యి! మల్లేశమన్న పైనున్నడు!"

ఆయన ఒక్క ఉదుటున లేచి లాక్ చేశాడు.

మల్లేశం దిగి ఫోన్ చేసినప్పుడు సత్తెన్న సంగతి చెప్పాడు. అది విని మల్లేశం, "ఆ మేడమ్‌కు గొంతు సుత ఉన్నదా? ఇగ ఆమె చెప్తెనే ఎక్కుత" అన్నాడు.

అన్నట్టే చేశాడు. "అమ్మా, నీ ఏజెంట్లు సప్పుడు జేస్తలేవు గదా?" అని అడిగేవాడు. "లేదన్నా, ఎక్కు" అనేదాన్ని. ఆ ఫోన్ కోసం పొద్దంతా ఎదురుచూసేదాన్ని.

లైన్ క్లియర్‌ను ఏజెంట్లకు తెలియజేసే ప్రోగ్రామ్ నేనే రాశాను. లైన్‌మన్ తన మొబైల్‌లో నొక్కితే చాలు, స్విచ్‌లన్నీ లాక్ అవుతాయి. ఇక మల్లేశానికి నన్ను అడిగే అవసరం లేకపోయింది. పరీక్ష ముగిసింది, నా కాంట్రాక్టూ ముగిసింది. మల్కాజ్‌గిరిలో మా ఇంట్లో కరెంటు పోతే ఇప్పటికీ ముందు ఫోన్ వైపు చూస్తాను.

లైన్ ఆగిందని ఏజెంట్‌కు తెలుస్తుంది. ఎందుకు ఆగిందో ఎవరో ఒకరు చెప్పాలి. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది అదే.