మట్టిబొమ్మ నోరు తెరిపించిన మైకమ్మ

చేపల వీధిలో ఆమె అసలు పేరుతో ఎవరికీ పని లేదు. మైకమ్మ అంటే చాలు. నెత్తిన గంపతో వీధి మొదట్లో ఒక్క కేక వేసిందంటే, మూడో అంతస్తులో ఇల్లాలు కూడా గిన్నె పట్టుకుని దిగాల్సిందే! నలభై ఏళ్ళ ఆ కేకలు చివరికి గొంతునే మింగేశాయి. ఇప్పుడామె మాట పక్కనున్న కోడలికి తప్ప ఎవరికీ వినబడదు.

చేపలమ్మిన ఆడవాళ్ళ గౌరవార్థం బజారు కూడలిలో కంచు విగ్రహం పెడుతున్నారని తెలిసి, అత్తాకోడళ్ళు శిల్పి షెడ్డుకు వెళ్ళారు. మట్టి నమూనా సిద్ధంగా ఉంది. గంప బాగుంది, కాయలు కాసిన అరచేతులు బాగున్నాయి. పెదవులు మాత్రం బుద్ధిగా మూసుకుని చిరునవ్వు నవ్వుతున్నాయి. మైకమ్మకు ఒళ్ళు మండిపోయింది. కోడలి చెవిలో ఏదో అంది.

"నోరు మూసుకుని చేపలమ్మినదాన్ని ఒక్కదాన్ని చూపించమంటోంది మా అత్తయ్య" అంది కోడలు.

శిల్పి నవ్వేశాడు. "నోరు తెరిస్తే గయ్యాళిలా కనిపిస్తుందమ్మా. చూసేవాళ్ళకు అందంగా ఉండొద్దూ? పైగా రేపు సాయంత్రం కంచు పోతకు అచ్చు తీసేస్తున్నాం."

అత్త మళ్ళీ గుసగుసలాడింది. కోడలు గొంతు పెంచింది. "గయ్యాళి అనే అన్నారట అందరూ. ఆ గయ్యాళి కేకలే మా ఆయన్ని పెంచాయట, ఇల్లు నిలబెట్టాయట!"

శిల్పి తన పనిలో పడ్డాడు. మైకమ్మ కదిలితేనా! పీట లాక్కుని అక్కడే బైఠాయించింది. మర్నాడు తెల్లారేసరికి మళ్ళీ అదే పీట మీద ఉంది. మధ్యాహ్నానికి అతనికి విసుగొచ్చింది.

"సరే, ఎలా అరిచేవారో చూపించండి. ఆ తర్వాతైనా ఇంటికెళ్తారా?"

"వద్దత్తయ్యా! ఉన్న కాస్త గొంతూ పోతుందని డాక్టరు చెప్పాడుగా" అని కోడలు గాభరాపడింది.

మైకమ్మ ఆమె చెయ్యి విదిలించుకుని లేచింది. ఖాళీ మట్టితట్ట నెత్తిన పెట్టుకుని, గడ్డం పైకెత్తి, బలమంతా కూడదీసుకుని కేక పెట్టింది. మెడ నరాలు తాళ్ళలా ఉబ్బాయి. గాలి తప్ప ఏమీ బయటికి రాలేదు. సిగ్గుతో ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తట్ట దించబోయింది.

"దించకండి" అన్నాడు శిల్పి. అతని వేళ్ళు అప్పటికే బొమ్మ పెదవుల మధ్య మట్టిని తోడేస్తున్నాయి. "ఇంకొక్కసారి అరవండమ్మా."

సాయంత్రం దాకా అరిచింది మైకమ్మ. ఒక్క ముక్క ఎవరికీ వినబడలేదు. బొమ్మ నోరు మాత్రం బార్లా తెరుచుకుంది.