దొరికిన కంప్యూటరు దుకాణానికి చేరేదాకా

కోవిడ్ ఆంక్షలు తొలగిపోయి పెళ్లిళ్లు మళ్లీ జోరందుకున్న రోజుల్లో నేను సిద్దిపేటలోని ఒక పోలీసు స్టేషనులో సబ్ ఇన్‌స్పెక్టరుగా ఉన్నాను. కానిస్టేబులుగా చేరి, ఒక్కో మెట్టు ఎక్కి అక్కడిదాకా వచ్చినవాణ్ణి. పదవీ విరమణ దగ్గర పడింది. అప్పుడు నా చేతికి వచ్చిన ఒక దొంగతనం కేసు ఇది. పత్రికల్లో ఏ మూలకూ ఎక్కలేదు.

రజిత అనే ఆమెకు పట్టణంలో ఫోటో స్టూడియో ఉండేది. చాలా ఏళ్లు వేరొకరి దగ్గర పెళ్లి ఆల్బమ్‌లు తయారుచేసి, పని నేర్చుకుని, సొంతంగా దుకాణం పెట్టుకుంది. ఆమె కెమెరాలు తీసుకుని ములుగులో ఒక పెళ్లికి వెళ్లినప్పుడు ఎవరో షట్టరు తాళం విరగ్గొట్టి కంప్యూటరును, రెండు హార్డ్ డిస్కులను ఎత్తుకుపోయారు. ఆ సీజనులో తీసిన పెళ్లిళ్లన్నీ వాటిలోనే ఉన్నాయి. కెమెరా కార్డులను ఎప్పటికప్పుడు ఖాళీ చేసి మళ్లీ వాడతారు కాబట్టి వాటిలో ఏమీ మిగలదు.

ఫిర్యాదు తీసుకుని ఎఫ్‌ఐఆర్ నమోదు చేశాం. వేలిముద్రలు సేకరించే క్లూస్ టీం పని పూర్తయ్యేదాకా లోపలి వస్తువులు ముట్టుకోవద్దని రజితకు చెప్పాను. ఆమె బయట మెట్ల మీద కూర్చుని, పెళ్లిళ్ల వాళ్లందరికీ తనే ఫోన్లు చేసి దొంగతనం సంగతి చెప్పడం మొదలుపెట్టింది. ఇప్పుడే ఎందుకమ్మా, కొన్నాళ్లు ఆగరాదా అన్నాను.

"వేరేటోళ్లు చెప్తె ఇనుడు కన్న నేను చెప్తెనే మంచిది సార్. తిట్టెటోళ్లు నన్నే తిట్టనియ్" అంది.

చాలామంది తిట్టారు. దౌల్తాబాద్ నుంచి లావణ్య అనే అమ్మాయి మాత్రం నేరుగా స్టేషనుకు వచ్చింది. పెళ్లయిన కొద్దిరోజులకే ఆమె తండ్రి గుండెపోటుతో పోయాడు.

"మా నాయిన నడిచింది, మాట్లాడింది గా వీడియోలనే ఉన్నది సార్. ఫోన్ల ఒక్క ముక్క గూడ లేదు" అంది.

రజిత అప్పుడు అక్కడే ఉంది. తలదించుకుంటుందనుకున్నాను. "దొరికేదాక నేనైతె ఊకోను లావణ్యా" అని ఆ అమ్మాయి కళ్లలోకి చూస్తూ చెప్పింది. మరునాటికే చెల్లెలి ల్యాప్‌టాప్ తెచ్చుకుని, పాస్‌పోర్టు ఫోటోలతో దుకాణం నడపసాగింది.

ఇలాంటి సొత్తు సాధారణంగా పాత సామాన్ల దుకాణాలకో రిపేరు షాపులకో చేరుతుంది. మా క్రైం సిబ్బంది అవి వెతుకుతున్నారు. రజిత తన దారిన తాను వెతికింది. ఆమె కంప్యూటరును ఆన్ చేసే బటన్ ఎప్పుడో విరిగిపోతే, దాని జాగలో ఇంటి కాలింగ్ బెల్లు స్విచ్చు బిగించుకుంది. దసరాకు దుకాణంలో పూజ చేసినప్పటి ఫోటోలో ఆ స్విచ్చు, దానికి పెట్టిన కుంకుమ బొట్టుతో సహా స్పష్టంగా కనిపిస్తోంది. ఆ ఫోటోను ఫోటోగ్రాఫర్లకూ రిపేరు చేసేవాళ్లకూ ఉన్న వాట్సాప్ గ్రూపులన్నింటికీ పంపింది.

గజ్వేల్‌లో కంప్యూటర్లు బాగుచేసే సలీం ఆ ఫోటో చూసి ఆమెకు ఫోన్ చేశాడు. "మేడం, బెల్లు స్విచ్చున్న డబ్బ నా టేబుల్ మీదనే ఉన్నది. తెచ్చినోనికి పాస్‌వర్డు తెల్వదు. లోపటిదంత తుడిచెయ్ అంటుండు."

"తుడవకు అన్నా, నీకు దండం పెడత" అని, ఆ వెంటనే ఆమె నాకు చెప్పింది. పని ఇంకా కాలేదని చెప్పి ఆ మనిషిని మళ్లీ రప్పించమని సలీంతో అన్నాను. మఫ్టీలో కాపు కాశాం. వాడు వచ్చాడు, పట్టుకున్నాం. పాత నేరస్థుడే. పంచుల సమక్షంలో, అంటే ఇద్దరు బయటి సాక్షుల ఎదుట, పంచనామా రాసి కంప్యూటరును జప్తు చేశాం. వాడి గదిలో ఒక హార్డ్ డిస్కు దొరికింది. రెండోది బస్టాండులో ఎవరికో అమ్మానన్నాడు. అది చివరిదాకా దొరకలేదు.

అసలు చిక్కు అప్పుడు మొదలైంది. జప్తు చేసిన వస్తువు కేసు సొత్తు అవుతుంది, కోర్టు అధీనంలో ఉంటుంది. విచారణ ముగిసేదాకా దాన్ని కదిలించకపోవడమే మంచిదని మా ఇన్‌స్పెక్టరు అభిప్రాయం. డిస్కులో ఏదైనా మారితే ముద్దాయి తరఫు వకీలు దాన్నే పట్టుకుంటాడని ఆయన భయం. అది కొట్టిపారేయదగిన భయం కాదు. అదే మాట రజితకు చెప్పాను.

"గా కంప్యూటర్ మీ దగ్గర్నే ఉంటే నాకు దొరికినట్టెట్లయితది సార్?" అని అడిగింది.

దానికి ఒక దారి ఉంది. సొత్తును విచారణ ముగియకముందే యజమానికి తాత్కాలికంగా అప్పగించమని కోర్టును కోరవచ్చు. డిస్కులకు నిపుణులతో యథాతథంగా నకలు తీయించి సీలు వేద్దామని, వస్తువులన్నింటినీ ఫోటోలు తీసి రికార్డులో పెడదామని ఇన్‌స్పెక్టరు ముందు ప్రతిపాదించాను. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. నేను ప్రభుత్వ న్యాయవాదిని కలిసి, నకలు ఉంటే సాక్ష్యానికి దెబ్బ తగలదని రాయించుకుని వచ్చాక ఆయన ఆ ప్రతిపాదన మీద సంతకం పెట్టారు. రజిత పిటిషను వేసింది, మేం అభ్యంతరం లేదన్నాం. అమ్మకూడదు, అడిగినప్పుడు హాజరుపరచాలి అన్న షరతులతో, పూచీకత్తు మీద మెజిస్ట్రేటు సొత్తును ఆమెకు ఇప్పించారు.

కంప్యూటరు చెక్కుచెదరలేదు. కానీ లావణ్య పెళ్లి ఉన్నది దొంగ గదిలో దొరికిన డిస్కులో. అమ్ముకోవడానికని వాడు దాన్ని అప్పటికే ఖాళీ చేశాడు. రజిత దాన్ని హైదరాబాదులో చెరిగిన డేటాను వెలికితీసేవాళ్ల దగ్గరికి పట్టుకెళ్లింది. వీడియోలో చాలా భాగం వచ్చింది. అప్పగింతలు రాలేదు. భోజనాల దగ్గర నీళ్లు అందించేవాళ్ల మీద ఆ తండ్రి గట్టిగా కేకలేస్తున్న ముక్క మాత్రం మాటలతో సహా వచ్చింది. స్టూడియోలో అది చూసి లావణ్య ముందు నవ్వింది. "మా నాయిన గిట్లనే ఒర్రుతుండె" అంది. తరువాత ఆ ముక్కనే మళ్లీ మళ్లీ పెట్టించుకుంది.

దొరకని డిస్కులోని పెళ్లిళ్ల ఇళ్లకు రజిత స్వయంగా వెళ్లింది. చుట్టాల ఫోన్లలో ఉన్న ఫోటోలు పోగుచేసి ఆల్బమ్‌లు కట్టి ఇచ్చింది. కుకునూరుపల్లిలో ఒక కుటుంబం ఆమెను గడప తొక్కనివ్వలేదు. ఆమె వాళ్ల ఆల్బమ్ కూడా తయారుచేసి పక్కింట్లో ఇచ్చి వచ్చింది.

పోలీసు భాషలో రికవరీ అంటే సొత్తు జప్తు కావడం. బతుకుదెరువు పోయినవాళ్లకు అది సగం దూరం మాత్రమే. ఆ కేసు తరువాత సర్వీసులో ఉన్నన్నాళ్లూ, ఎవరి పనిముట్లు దొరికినా, పంచనామా ముగిసిన వెంటనే ఫిర్యాదుదారును కూర్చోబెట్టి, వాటిని విడిపించుకునే పిటిషను ఎలా వేయాలో చెప్పి పంపేవాణ్ణి. అడిగేదాకా ఆగేవాణ్ణి కాదు. అలా అడగవచ్చని చాలామందికి తెలియదు.