చిన్నాయన గడ్డిబండి టైర్లు

పోయిన నెల కడపలో ఒక పెళ్ళికి వెళ్ళాను. ఫంక్షన్ హాలు ముందు పచ్చిక పెంచారు. దాన్ని కోసే బండి, మనిషి ఎక్కి కూర్చుని నడిపే రకం, ఒక మూల ఆపి ఉంది. వెనక టైరు గాలి పోయి నేలకు అతుక్కుపోయింది. పట్టుచీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, వంగి, టైరు పక్కన అచ్చేసిన అంకెలు చదవబోయాను. కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయాను కాబట్టి ఇంకాస్త వంగాల్సి వచ్చింది. వెనక నుంచి మా వదిన కంగారుగా వచ్చి, "ఏం పారేసుకున్యావు? కమ్మా, ఉంగరమా?" అంది. ఏమీ లేదన్నాను. టైరు సైజు చూస్తున్నానని చెబితే భోజనాల దగ్గర అందరికీ నా గురించే కబుర్లు. అసలు ఆ అంకెలు చదివే అలవాటు నాకు అంటించింది మా చిన్నాయన.

చిన్నాయన అంటే మా నాన్న తమ్ముడు. బద్వేలు పక్క పల్లెలో సేద్యం చేసేవాడు. ఉన్న రెండు బోర్లూ ఎండిపోయాక, నేను తెలుగు చెప్పే కాలేజీలోనే తోటమాలిగా చేరాడు. "బతుకంతా శెనిగ చేన్లో గడ్డి పీకినోన్ని, ఇప్పుడు గడ్డికి నీళ్ళు పెడతాండా" అని తనమీద తనే నవ్వుకునేవాడు. కాలేజీకి పెద్ద ఆటస్థలం ఉంది. దాని గడ్డి కోయడానికి యాజమాన్యం వాళ్ళు ఎక్కడో చూసి ముచ్చటపడి ఆ బండి తెప్పించారు. ఎర్రటి రంగు, ముందు రెండు చిన్న చక్రాలు, వెనక రెండు లావుపాటి చక్రాలు. లారీలోంచి దించిన రోజు చిన్నాయన దానికి పసుపూ కుంకుమా పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచి, కొత్త ట్రాక్టరు కొన్నవాడిలాగా టెంకాయ కొట్టాడు. ఆ రోజు నుంచి బండి దిగితే ఒట్టు. తలకు తువ్వాలు చుట్టుకుని, వెన్ను నిటారుగా పెట్టుకుని, నీళ్ళు తాగడానికి కొళాయి దాకా కూడా దానిమీదే వచ్చేవాడు. స్టాఫ్ రూములో మేమంతా ఆయనకు జమీందారని పేరు పెట్టాం. పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

మా సీమ నేలలో గడ్డికంటే ముందు మొలిచేది పల్లేరు. దాని కాయకు ఏ వైపు పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. బండి వచ్చిన మొదటి వర్షాకాలంలోనే టైర్లలో పల్లేరు ముళ్ళు దిగడం మొదలైంది. చిన్నాయన సొంతంగా పంక్చర్లు వేయడం నేర్చుకున్నాడు. ముల్లు లాగి, ఆ రంధ్రంలో జిగురు పూసిన రబ్బరు దారం గుచ్చేవాడు. అలా రెండు మూడేళ్ళు నెట్టుకొచ్చాడు. చివరికి ఒక ఎండాకాలం వెనక టైరు పక్క భాగం బీటలువారి, బెత్తెడు పొడవున చీలింది. పంక్చరైతే మూయవచ్చు గాని, పక్క భాగం చీలితే టైరు మార్చాల్సిందే. టైరు మీది అంకెలు రాసుకుని చిన్నాయనా నేనూ కడపలో అడిగాం, కర్నూలులో కనుక్కున్నాం. అంత చిన్న చక్రానికి అంత వెడల్పు టైరు తమ దగ్గర లేదని అందరూ చెప్పారు. ప్రిన్సిపాల్ గారు మంచివారే, కానీ వారం రోజులు గడ్డి పెరిగేసరికి ఓపిక తగ్గింది. బండి పాత ఇనుముకు వేసేద్దాం, భుజానికి తగిలించుకుని కోసే మిషన్లున్న కాంట్రాక్టు వాళ్ళను పిలుద్దాం అన్నారు. చిన్నాయన చేతులు కట్టుకుని, "పది దినాలు ఓపిక పట్టండి సార్" అని మాత్రం అన్నాడు.

మరుసటి ఆదివారం చక్రం విప్పి గోనెసంచిలో వేసుకుని మైదుకూరు బయలుదేరాడు. తోడుగా నేను వెళ్ళాను. బస్సులో కండక్టరు సంచి మీద తట్టి గుమ్మడికాయా అని అడిగాడు. బస్సెక్కేటప్పుడు చిన్నాయన సంచి నా చేతికిచ్చి, రెండు చేతులతో కమ్మీ పట్టుకుని తన్ను తాను పైకి లాక్కున్నాడు. సంచి బరువు వల్లేమో అనుకున్నాను.

మైదుకూరులో మేం వెళ్ళిన టైర్ల షాపు నడిపేది ఒక ఆడమనిషి. నలభై ఏళ్ళుంటాయి. నైటీ మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుని, లారీ టైరును కాలితో తొక్కిపట్టి విప్పుతోంది. మా చక్రాన్ని చూసి నవ్వలేదు. తడిగుడ్డతో తుడిచి అంకెలు చదివింది.

"ఆటో టైరు పట్టదా అమ్మా?" అన్నాడు చిన్నాయన.

"రిమ్ము ఎత్తు సరిపోతాది పెద్దాయనా, వెడల్పు సాలదు. గాలి నిలవదు." కాసేపు ఆలోచించి, "గండికోట కాడ టూరిస్టులను ఎక్కించుకుని తిరిగే నాలుగు చక్రాల బైకులు ఉండాయి చూడు, మా మరిది వాటినే తిప్పుతాండాడు. వాటి రిమ్ము కూడా ఇదే నంబరు. అడిగి తెప్పిస్తా. కానీ రెండూ మార్చల్ల. ఒకటే మారిస్తే బండి ఒక పక్కకు ఒరుగుతాది" అంది. తర్వాత మామూలుగానే అడిగింది: "గడ్డి కోసేదానికి ఇంత తిప్పలెందుకు? చేతి మిషన్లు ఉండాయి గదా?"

చిన్నాయన నా వైపు చూడలేదు. నేలకేసి చూస్తూ చెప్పాడు. "నడవలేనమ్మా. మోకాళ్ళు పోయినాయి. బండి మీద కూచుంటే ఎవరికీ తెలీదు. బండి పోతే నా పని కూడా పోతాది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు."

నేను పక్కనే నిలబడి ఉన్నాను. కొళాయి దాకా బండి మీద వచ్చిన మనిషిని చూసి మేం నవ్విన నవ్వులన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఆమె మాత్రం జాలి మాటలేవీ అనలేదు. స్టూలు తెచ్చి వేసి, "ముందు కూచో. మా నాయన కూడా ఇట్లనే చెప్పకుండా చెప్పకుండా మంచం పట్టినాడు. నొప్పి చెప్పుకుంటే తప్పేముండాది?" అంది.

వారానికి టైర్లు వచ్చాయి. ఆమే వాటిని తీసుకుని కాలేజీకి వచ్చింది. రిమ్ముల తుప్పును గరుకు కాగితంతో రుద్ది, అంచులకు సబ్బు నురుగు పూసి, టైరు ఎక్కించింది. ఎంత గాలి కొట్టినా అంచు రిమ్ముకు ఆనక పక్కల నుంచి బుస్సుమని పోతోంది. చిన్నాయన బావి మోకు తెచ్చి టైరు నడుముకు చుట్టి, అందులో ఇనుప కడ్డీ దూర్చి మెలిపెట్టాడు. నడుము బిగిసేసరికి అంచులు పక్కలకు జరిగాయి, గాలి పట్టింది, టప్పున రెండు చప్పుళ్ళు వచ్చాయి. "ఇంక కూచుండాది!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు. తీరా బండి గడ్డి మీదికి పోతే కొత్త టైర్ల బుడిపెలు పచ్చికను పెళ్ళలు పెళ్ళలుగా లేపాయి. ప్రిన్సిపాల్ గారి ముఖం మాడింది. చిన్నాయన నీడలో చాప వేసుకుని, కాళ్ళు చాపుకుని, రెండు రోజులు కూర్చుని పదునైన కత్తితో ఆ బుడిపెలన్నీ సగానికి చెక్కేశాడు. మూడో రోజు స్థలం మొత్తం కోశాడు. పచ్చిక ఎక్కడా చెదరలేదు. పాత ఇనుము మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఇంట్లో చెప్పొద్దని మైదుకూరు నుంచి తిరిగొచ్చే దారిలోనే నాతో ఒట్టు వేయించుకోబోయాడు. నేను వేయలేదు. చిన్నమ్మకు చెప్పాను, కడపలో డాక్టరుకు చూపించాం. ప్రిన్సిపాల్ గారికి కూడా నేనే చెప్పాను. ఆయన తోటలో నడుస్తూ చేసే పనులు మరొకరికి అప్పగించి, బండి పని ఒక్కటే చిన్నాయనకు ఉంచారు. అలా ఇంకో నాలుగేళ్ళు చేసి, ఎవరూ పొమ్మనకుండా తనంతట తానే మానుకున్నాడు.

ఆ తర్వాత ఒకసారి, అసలు మోకాళ్ళ నొప్పి ఎప్పుడు మొదలైందని అడిగాను. రెండో బోరు ఎండిన సంవత్సరమన్నాడు. అంటే కాలేజీలో చేరకముందే. ఆ ఏళ్ళన్నీ నేను ఆదివారాలు వాళ్ళింట్లోనే భోంచేశాను. అందరం కింద కూర్చుని తింటుంటే ఆయన గడపకు ఆనుకుని, కంచం చేతిలో పట్టుకుని, నిలబడే తినేవాడు. సేద్యం మనిషి తొందర అనుకున్నాను. కళ్ళెదుట జరుగుతున్నప్పుడు కనిపించనివి, ఏళ్ళు గడిచాక ఒక్కొక్కటిగా కనిపిస్తాయి. అప్పటికి చాలామందికి వేళ మించిపోతుంది. నాకు ఇంకా కొంచెం మిగిలింది. ఆదివారాలు ఇప్పుడు మేమిద్దరం కుర్చీల్లో కూర్చునే తింటున్నాం.