తెరమీద భయపడిన ప్రభువు

ఈ ఉదయం తిరుచానూరులో బస్సు కోసం నిలబడి, పూలామె దారం కొసను పంటితో తెంపడం చూస్తున్నాను. అప్పుడే గూడూరు నుంచి ఫోన్ వచ్చింది. చిన్నప్పుడు మాకు చదువు చెప్పిన సిస్టర్ తెల్లవారుజామున పోయారట. వచ్చిన బస్సు ఎక్కలేకపోయాను.

సత్యవేడు దగ్గరి మా కాన్వెంటు బడిలో ఆమె తెలుగు, జ్ఞానోపదేశం చెప్పేవారు. మా పెన్సిళ్లు బ్లేడుతో చెక్కి, పొట్టు కింద పడకుండా కొంగులో పట్టుకునేవారు. అడగడానికి జంకి, జవాబు రాయకుండా వదిలేసిన నాతో ఒకసారి అన్నారు: "అర్థం కాలేదని రాయి. అదీ జవాబే."

మా ఊళ్లో శుభ శుక్రవారానికి ముందు చర్చి ఆవరణలో ప్రభువు సినిమా వేస్తారు. తెరగా కట్టిన తెల్లగుడ్డకు ఆడవాళ్లు పూలదండ వేస్తారు, చెప్పులు దూరంగా విడిచి కూర్చుంటారు. నేను పది చదివే ఏడు సిస్టర్ వేసిన సినిమా వేరు. అందులో ప్రభువు ఎడారిలో ఆకలితో పడి ఏడ్చాడు. తండ్రి నిజంగా పిలిచాడా అని సందేహపడ్డాడు. ఇంటికి పోయి, పెళ్లి చేసుకుని, వడ్రంగం చేసుకుందామా అనుకున్నాడు.

సంఘపెద్ద లేచి తన కండువా ప్రొజెక్టర్ మీద కప్పేశాడు.

"దండేసిన గుడ్డ మీద ఇదేంది సిస్టరమ్మా? దేవుడు బయపడతాడా?"

"కండవ తీయప్పా, కాలిపోతాది," అన్నారు సిస్టర్.

ముందు వరసలోని ముసలమ్మ ఒకామె అరిచింది: "తియ్యబ్బా! ఆయప్ప లేస్తాడో లేదో సూడనీ!"

కొందరు నవ్వారు. సినిమా మాత్రం మళ్లీ మొదలవలేదు.

ఆదివారం పూజ అయ్యాక పెద్దలు ఆమెను నిలబెట్టి అడిగారు.

"ఇది ఎవురు తెచ్చినారు? తప్పయిందని చెప్పి ఈడే ఉండండి. లేదంటే మిమ్మల్ని మార్చమని పైకి రాస్తాం."

"నేనే తెచ్చినాను. తప్పని అనలేనప్పా," అన్నారామె. "ప్రార్థనలో కొన్ని దినాలు నాకూ ఏమీ వినబడదు. ఆయనకీ అట్లే అయిందంటే, నాకు తోడుంటాది."

సందేహం పాపం కాదని తర్వాత పుస్తకాల్లో చదివాను. మొదట విన్నది ఆ రోజే. వెనక వరసలో, బైబిలు ఛాతీకి అదుముకుని నిలబడి విన్నాను.

జూన్‌లో ఆమెను గూడూరుకు మార్చారు. ట్రంకుపెట్టెను బస్సు దాకా మోసింది ఆ సంఘపెద్దే.

"కోపం పెట్టుకోబాకండి సిస్టరమ్మా," అన్నాడు.

"యాడ పెట్టుకునేది? పెట్టెలో చోటే లేదు," అని ఆమె నవ్వారు.

కిటికీలోంచి చెయ్యి చాపి నా తల నిమిరారు. నన్నేమీ అడగలేదు.

ఆ సినిమా వెతికి తెచ్చి, వెయ్యమని ఆమెను బతిమాలింది నేను.