పైపొర శాంపిల్

తొంభైల చివర్లో నన్ను విశాఖ ఓడరేవు పనికి చీఫ్ కెమిస్టుగా వేశారు. దిగుమతయ్యే బొగ్గుకు నాణ్యత సర్టిఫికెట్ ఇచ్చే ప్రైవేటు కంపెనీ మాది; ఆఫీసు సీతమ్మధారలో. అమ్మేవాడూ కొనేవాడూ ఇద్దరూ మా కాగితాన్నే నమ్మాలి. ఆ కాగితానికి ఆధారం యార్డులో శాంపిలర్ తీసే నాలుగు గంపల బొగ్గు. కుప్పను మోకాలిలోతు తవ్వి తీయాలన్నది నియమం.

మేం రాసినదానికంటే బూడిద ఎక్కువ వస్తోందని ఒక కొనుగోలుదారు ఫిర్యాదు చేశాడు. విచారణ నాకే అప్పగించారు. యార్డులో దగ్గరుండి తవ్వించాను. పైన మంచి బొగ్గు, లోపల రాళ్లు. శాంపిలర్ నూకరాజు సముద్రంలో చేపల వేటకు వెళ్లే కుటుంబం నుంచి వచ్చినవాడు, పదేళ్ల సర్వీసు. సరుకు అమ్మినవాళ్ల దగ్గరే అతని బావమరిదికి లారీ డ్రైవరు పని దొరికిందని అరగంటలో తెలిసింది. ఇంకేం, దురాశ, కంచే చేను మేసిందని తీర్మానించేసుకున్నాను. అప్పట్లో నాకు తొందర ఎక్కువ.

పిలిచి అడిగితే దాచలేదు. “తప్పే సార్, కాదనను. మొదట్లో లోపలికి తవ్వీవోణ్ణే. బొగ్గు దించే మిషను ఆపితే ఓడ లేటయిపోతాదని మీరే కదా కేకలేసినారు. అప్పుట్నుంచి పైపైన తీసీసినాను. అది సరుకు అమ్మినోళ్లు కనిపెట్టి పైన మంచి సరుకేసినారు. తరవాత మా బావమరిదికి పనిచ్చినారు. ఇంక తవ్వుతానని నానెలగంటాను? ఉద్యోగం తీసీకండి సార్.”

“మీరే కదా” అన్నందుకు ఒళ్లు మండింది. కానీ అది అబద్ధం కాదు. శాంపిల్ కోసం మిషను ఆపవద్దని నేను సంతకం చేసిన నోటు ఫైల్లోనే ఉంది.

రిపోర్టు మొదటి ప్రతిలో అతని తప్పూ నా నోటూ రెండూ రాశాను. మేనేజరు చదివి, నోటు సంగతి బయటికొస్తే కంపెనీ పరువు పోతుందన్నారు. నా ప్రమోషన్ ఫైలు అప్పుడు ఆయన బల్ల మీదే ఉంది. ఆ మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నోటు గురించిన పేరా కొట్టేశాను. నూకరాజును ఉద్యోగంలోంచి తీసేశారు. సిగ్గేసింది, ప్రమోషన్ మాత్రం తీసుకున్నాను.

కొన్నేళ్లకు ఒక శిక్షణలో అవినీతి ఎందుకు జరుగుతుందో పాఠం చెప్పారు. దురాశ ఒక్కటే చాలదట. పట్టుకునేవాడు లేని చోటు కావాలి, మనసుకు చెప్పుకోవడానికి ఒక సాకు కావాలి. ఉదాహరణ ఇవ్వమంటే నూకరాజు కేసు మొదలుపెట్టి సగంలో ఆపేశాను. అతన్ని నేను అడిగాను, ఒప్పుకున్నాడు. నన్ను అడగాల్సినవాడు నాతోనే ఆ పేరా కొట్టించాడు. ఈ విషయంలో నాకు తెలిసిన సిద్ధాంతం అంతవరకే.